కావలి నుంచి పెట్టిన మెయిల్స్‌కి ప్రొఫెసర్లు జవాబివ్వకపోతే

ఏఐ రీసెర్చ్ ల్యాబ్‌లో చేరాలని ప్రొఫెసర్లందరికీ ఒకే మెయిల్ పంపానన్నావు, జవాబులు రాలేదన్నావు. చాలావరకు కారణం అదే తమ్ముడూ, కావలి కాలేజీ అని కాదు. "నాకు ఏఐ అంటే ఆసక్తి" అనే మెయిల్స్ వాళ్లకి కుప్పలుగా వస్తాయి.

1. ఐఐటీ తిరుపతి, ఐఐటీ మద్రాస్, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ఫ్యాకల్టీ పేజీలు చూసి ముగ్గుర్నే ఎంచుకో. తిరుపతి క్యాంపస్ ఏర్పేడులోనే, పిలిస్తే పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు.

2. అందరూ వదిలేసేది ఇదే: ఆ ల్యాబ్ ఈమధ్య రాసిన పేపర్ ఒకటి చదివి, గిట్‌హబ్‌లో (కోడ్ పంచుకునే సైట్) దాని కోడ్ ఉంటే నడిపించు. జీపీయూ (ఏఐ కోడ్‌ని వేగంగా నడిపే చిప్) లేకపోతే గూగుల్ కోలాబ్‌తో (బ్రౌజర్‌లోనే కోడ్ నడిపించే సర్వీసు) మొదలుపెట్టు. పేపర్లో ఫలితంగా ఇచ్చిన ఒక్క అంకె నీకూ వస్తుందేమో చూడు. రాకపోతే ఇంకా మంచిది, అదే రాయి: "టేబుల్ 2లో 84.1 ఉంది, నాకు 81.3 వచ్చింది. మెమరీ చాలక బ్యాచ్ సైజు తగ్గించాను, తేడా అందుకేనా?" (బ్యాచ్ సైజు అంటే మోడల్‌కి ఒక్కో విడతలో ఇచ్చే డేటా ఎంత అని.) ఇలా అడిగినవాణ్ణి పక్కన పెట్టబుద్ధి కాదు.

3. మెయిల్ పది లైన్లు దాటనీయకు. కోడ్ లింకు పెట్టు. పదిరోజులాగి ఒక్కసారే గుర్తుచెయ్యి.

సైన్స్ అకాడమీల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కీ అప్లై చెయ్యి. దాని గడువు వేసవికి చాలా ముందే అయిపోతుంది, ఇప్పుడే చూసుకో.