బడిలో కూరగాయల తోట పెడితే పిల్లల చదువు దెబ్బతింటుందా? ఏ కాలంలో ఏం వేయాలి?

నల్గొండ వైపు ఒక పల్లెలో సర్కారు బడి టీచర్ని. మా బడిలో కొన్నేళ్లుగా తోట నడుస్తోంది, కూరలు మధ్యాహ్న భోజనంలోకి వెళ్తాయి. చదువు దెబ్బతినలేదు, సైన్సు చెప్పడం సులువైంది. కాకపోతే వానల లెక్క కన్నా ముందు సెలవుల లెక్క చూసుకుని పంట ఎంచుకోవాలి. స్థలం లేదని ఆగొద్దు. కేంద్ర విద్యాశాఖ 2019లో బడి తోటల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లోనే కుండీలు, డబ్బాల్లో పెంచుకోవచ్చని ఉంది.

జూన్ 12 ప్రాంతంలో బడి తెరిచేసరికి మృగశిర వచ్చేస్తుంది. ముందు తోటకూర చల్లండి. నెల రోజుల్లో కోతకొస్తుంది, చిన్న క్లాసుల పిల్లలకు అంతకు మించి ఓపిక ఉండదు. పక్కనే బెండ, గోరుచిక్కుడు, ఒక గుమ్మడి పాదు.

గుమ్మడి మాత్రం తప్పక పెట్టండి. పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది, ప్రార్థనకు ముందే పిల్లల్ని తీసుకెళ్లాలి. సన్నకాడ మీద నిలబడ్డది మగపువ్వు, అడుగున గోలీ అంత పిందె ఉన్నది ఆడపువ్వు. ఒకసారి ముసురు పట్టి తేనెటీగలు రాక పిందెలన్నీ పసుపెక్కి రాలుతుంటే, "పురుగు పట్టిందా సార్?" అని ఏడో తరగతి వాళ్లు అడిగారు. మగపువ్వు రేకులు తుంచి, పుప్పొడిని కొన్ని ఆడపువ్వుల మధ్యలో అద్దమన్నాను. అద్దిన వాటికి ఎర్రదారం, అద్దని వాటికి తెల్లదారం కట్టారు. వారం తిరిగేసరికి ఎర్రదారం పిందెలు చాలావరకు నిలిచాయి, తెల్లదారంవి దాదాపు అన్నీ రాలిపోయాయి. పరాగసంపర్కం పాఠం వాళ్లకు మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు. బీర ఈ పనికి పనికిరాదు, అది సాయంత్రం బడి వదిలాక పూస్తుంది.

జూలైలో బంతి నారు పోయించండి, సెలవులిచ్చే ముందు బడిలో ఆడే బతుకమ్మకు పూలు కొనక్కర్లేదు. దసరా సెలవుల్లో గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది, అది మామూలే. పీకి, ఎండాక మొదళ్లకు కప్పేయండి.

చలికాలానికి మెంతికూర, ముల్లంగి, కొత్తిమీర. ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి చల్లాలి. పందిరి చిక్కుడు వానాకాలంలోనే పెట్టినా పొద్దు కురచైతే గానీ పూయదు. ఎందుకు పూయట్లేదని వాళ్లే అడుగుతారు, రోజూ పొద్దు ఎన్నింటికి గూకిందో నోట్‌బుక్కులో రాయించండి. పేనుబంక (రసం పీల్చే సన్న పురుగు) పడితే మందు డబ్బా తేవద్దు. అక్షింతల పురుగులు (లేడీబర్డ్‌లు) వచ్చి దాన్ని తినడం చూడనివ్వండి.

ఒంటిపూట బడులు మొదలయ్యాక కొత్తగా ఏమీ విత్తొద్దు, వేసవి సెలవుల్లో నీళ్లు పోసేవాళ్లు ఉండరు. ముదిరిన బెండ, చిక్కుడు కాయలు ఎండబెట్టి, గింజల్ని బూడిదలో కలిపి సీసాల్లో దాచుకుంటే చాలు. చేతులు కడిగే నీళ్లు పారే చోట కరివేపాకు, మునగ పెట్టి ఉంటే ఎండలకు తట్టుకుంటాయి.

ఇక "మా పిల్లలతో చాకిరీ చేయిస్తున్నారు" అనే మాట తప్పకుండా వస్తుంది. ముందుగానే తల్లిదండ్రుల మీటింగులో చెప్పండి, వారానికి రెండు పీరియడ్లు దాటనివ్వకండి. మగపిల్లలకు పార, ఆడపిల్లలకు చీపురు ఇచ్చే అలవాటు బళ్లలో ఇంకా ఉంది. ఎవరికి ఏ పనో వంతుల పట్టిక గోడకు అంటించండి.