బృహదణువుల పాఠం: టీచర్ల సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: కార్బోహైడ్రేట్లు, ప్రోటీన్లు, లిపిడ్లు, కేంద్రకామ్లాల పట్టికను పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. స్టార్చ్, సెల్యులోజ్ రెండూ గ్లూకోజ్‌తోనే తయారైనప్పుడు మనకు ఒకటే ఎందుకు అరుగుతుందంటే మాత్రం నోరు మెదపరు. నిర్మాణాన్నీ విధినీ కలిపి చెప్పేదెలా?

జవాబు: పట్టికను పాఠం చివరికి నెట్టేయండి. అయోడిన్‌తో మొదలుపెట్టండి. ఒక గ్రాము స్టార్చ్‌ని కొద్దిగా చన్నీళ్లలో కలిపి, మరుగుతున్న 100 మి.లీ. నీళ్లలో పోసి, చల్లార్చండి. అందులోంచి 2 మి.లీ. పరీక్షనాళికలోకి తీసుకుని ఒక చుక్క అయోడిన్ వేస్తే ముదురు నీలం వస్తుంది. అదే చుక్క శుభ్రమైన దూది మీద వేస్తే గోధుమరంగు మరకే మిగులుతుంది. దూది దాదాపు మొత్తం సెల్యులోజే.

ఇప్పుడు బొమ్మ గీయండి. స్టార్చ్‌లో గ్లూకోజ్‌లను కలిపే ఆల్ఫా బంధాల వల్ల దానిలోని అమైలోజ్ అనే గొలుసు స్ప్రింగులా చుట్టుకుంటుంది, అయోడిన్ ఆ చుట్ల లోపల ఇరుక్కుంటుంది. సెల్యులోజ్‌లో ఉన్నవి బీటా బంధాలు. ఒక గ్లూకోజ్ నిటారుగా ఉంటే పక్కది తలకిందులుగా ఉంటుంది. అందుకే గొలుసు తిన్నగా సాగి, పక్క గొలుసులతో హైడ్రోజన్ బంధాలు ఏర్పరచుకుని కట్టగా బిగుస్తుంది. అయోడిన్‌కు చోటుండదు. మన ఒంట్లోని అమైలేజ్ అనే జీర్ణ ఎంజైము ఆల్ఫా బంధాన్నే తెంచగలదు. ఒకటి ఆహార నిల్వ, రెండోది కణకవచం ఎందుకయ్యాయో పిల్లలే చెబుతారు.

నీలిరంగు నాళికను వేడినీళ్లలో పెడితే రంగు పోతుంది, చల్లారాక తిరిగొస్తుంది. మరీ ఎక్కువసేపు మరిగిస్తే అయోడిన్ ఆవిరైపోయి ఇక రాదు. దూదికి బదులు కాగితం వాడకండి. చాలా కాగితాలకు తయారీలోనే స్టార్చ్ పట్టిస్తారు, అది నల్లబడి పాఠాన్నే తలకిందులు చేస్తుంది.

ప్రశ్న: పది గ్లూకోజ్‌లు కలిస్తే అణుభారం 1800 అని రాస్తున్నారు. నీరు బయటికి పోతుందని ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండదు.

జవాబు: చెప్పడం కాదు, కత్తిరించనివ్వండి. ప్రతి గ్లూకోజ్ అట్టముక్కకూ ఒక చివర ఓహెచ్, మరో చివర హెచ్ రాయించండి. రెండింటిని కలపాలంటే ఆ రెండు చివర్లనూ కత్తిరించి, నీటి అణువుగా పక్కన పెట్టాలి. రెండు గ్లూకోజ్‌లకు 360 కాదు, మాల్టోజ్ 342. పది కలిసిన తిన్నని గొలుసులో బంధాలు తొమ్మిదే కాబట్టి 1800 లోంచి 162 పోగా 1638.

అదే పద్ధతిలో గ్లిసరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతికించండి. మూడు నీటి అణువులు పోతాయి, అక్కడితో సరి. ఇంకో ముక్క తగిలించడానికి చోటే లేదు. కొవ్వు పాలిమర్ (చిన్న అణువులు వరుసగా కలిసిన పొడవైన గొలుసు) కాదని అప్పుడు కళ్లకు కడుతుంది. ఇలాంటి కొవ్వైన ట్రైస్టియరిన్ అణుభారం సుమారు 891 మాత్రమే. నిజానికి పట్టికలో లిపిడ్లను మిగతా మూడింటి పక్కన నిలబెట్టడంతోనే కొవ్వును పాలిమర్ అనుకునే తప్పు మొదలవుతుంది.

ప్రశ్న: ప్రోటీన్లలోని పెప్టైడ్ బంధాలను పట్టిచ్చే బైయూరెట్ పరీక్షలో ఊదా రాకుండా నీలమే వస్తోంది.

జవాబు: కాపర్ సల్ఫేట్ ఎక్కువ వేస్తున్నారు. తెల్లసొన ద్రావణం 2 మి.లీ., 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ 2 మి.లీ. కలిపి, 1 శాతం కాపర్ సల్ఫేట్ రెండు మూడు చుక్కలే వేయండి. మించితే నీలి కాపర్ హైడ్రాక్సైడ్ ఊదాను కప్పేస్తుంది. క్షారం చర్మాన్ని కాలుస్తుంది, కళ్లద్దాలు తప్పనిసరి. తెల్లసొనను ఉత్త నీళ్లలో కలిపితే గ్లోబ్యులిన్లు విడిపోయి మసకబారుతుంది. 0.9 శాతం ఉప్పునీరు వాడండి.

ఉడికించిన తెల్లసొన తునకలతోనూ ఇదే చేసి చూపండి. తునకల పైభాగం ఊదా అవుతుంది. ఉడికితే మడతలు విప్పుకుని గొలుసులు ఒకదానికొకటి పెనవేసుకుంటాయి కానీ పెప్టైడ్ బంధాలు తెగవు. ఇలా మడతలు విప్పుకోవడమే డీనేచరేషన్; అదంటే ప్రోటీన్ ముక్కలవడం అనే అపోహ దీంతో పోతుంది.

ప్రశ్న: గ్లూకోజ్ లాంటి చక్కెరలను ఇటుక రంగుతో పట్టిచ్చే బెనెడిక్ట్ పరీక్షకు పంచదార ద్రావణం స్పందించదు. దాన్ని చిన్న చక్కెరలుగా విడగొట్టడానికి ఆమ్లంతో మరిగించాక కూడా ఆ రంగు రాలేదు.

జవాబు: తటస్థీకరించడం మరచినట్టున్నారు. బెనెడిక్ట్ ద్రావణానికి క్షారత కావాలి. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఐదు నిమిషాలు వేడినీటి తొట్టిలో ఉంచి, చల్లార్చి, నురగ ఆగేవరకు సోడియం బైకార్బొనేట్ కొద్దికొద్దిగా వేయండి. తర్వాతే బెనెడిక్ట్ కలిపి మళ్లీ వేడిచేయాలి.

ప్రశ్న: కణజాలం నుంచి డీఎన్ఏ తీసే ప్రయోగంలో చల్లని ఆల్కహాల్‌లో తేలే తెల్లని పోగు డీఎన్ఏ ద్వికుండలేనా?

జవాబు: కాదు. ద్వికుండలి వెడల్పు 2 నానోమీటర్లే, కంటికి కనబడదు. ఆ పోగు లెక్కలేనన్ని అణువుల ముద్ద, ప్రోటీన్లు కూడా అంటుకుని ఉంటాయి. పుల్లకు చుట్టుకోకుండా తునకలుగా వస్తే, కణజాలాన్ని మిక్సీలో ఎక్కువసేపు తిప్పారన్నమాట. పొడవైన అణువులు తెగిపోయాయి. చేత్తో నలిపి, ఆల్కహాల్‌ను నాళిక గోడ వెంట నెమ్మదిగా పోయండి.