లైసెన్స్ తేలికైంది సరే, వీసా సంగతేంటి మాస్టారూ?

సత్తెనపల్లి దగ్గర్నుంచి ఒక రిటైర్డ్ టీచర్ గారు రాశారు. వాళ్లబ్బాయి ఎండీ జనరల్ మెడిసిన్, నాలుగేళ్లుగా గుంటూరులో ప్రైవేట్ ఆసుపత్రిలో చేస్తున్నాడు, జీతం లక్షా ఇరవై. అమెరికాలో పల్లెలకి డాక్టర్లు చాలక రూల్స్ సడలించారు, మళ్లీ రెసిడెన్సీ (అక్కడి ఆసుపత్రిలో చేసే పీజీ ట్రైనింగ్) చెయ్యక్కర్లేదు, 25 లక్షలిస్తే లైసెన్సూ వీసా అన్నీ మేమే చూసుకుంటాం అని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారట. కిందటేడు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో వేసిన 18 లక్షలు తీసేసి, మిగతా 7 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తేవచ్చా అని అడుగుతున్నారు.

వద్దు మాస్టారూ. ఏజెంట్ చెప్పిందాంట్లో సగం నిజం, అదే ప్రమాదం. టెన్నెస్సీ 2023లో, ఫ్లోరిడా 2024లో నిజంగానే చట్టాలు మార్చాయి, ఇక్కడ పీజీ చేసి ప్రాక్టీస్‌లో ఉన్నవాళ్లకి అక్కడి రెసిడెన్సీ లేకుండా దారి ఇచ్చాయి. కానీ యూఎస్ఎంఎల్ఈ, అంటే స్టెప్ 1, 2, 3 అని ఉండే అమెరికా డాక్టర్ లైసెన్స్ పరీక్ష, తప్పలేదు, పైగా అక్కడి ఆసుపత్రి నుంచి జాబ్ ఆఫర్ చేతిలో ఉండాలి. ఇంకోటి, లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రం, వీసా ఇచ్చేది మనకి ఢిల్లీ ఎలాగో అలాంటి వాషింగ్టన్, అంటే అక్కడి కేంద్రం, ఒకరి సడలింపు ఇంకొకరికి పట్టదు. హెచ్-1బీ మీద డాక్టర్‌గా చెయ్యాలంటే స్టెప్ 3 కూడా పాసవ్వాలి, అది అమెరికా వెళ్లే రాయాలి. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్లు అన్నారు చూడండి, అంటే 80 లక్షల పైమాటే, అప్లై చేసే రోజుకి ఆ రూల్ ఎలా ఉంటుందో గానీ మూలనున్న చిన్న ఊరి ఆసుపత్రి ఎవరో తెలియని మనిషి కోసం అంత కడుతుందా? బోర్డ్ సర్టిఫికేషన్ (స్పెషలిస్టుగా గుర్తింపు) కూడా మామూలుగా అక్కడ రెసిడెన్సీ చేసినవాళ్లకే, అది లేకపోతే ఇన్సూరెన్స్ వాళ్లతో తిప్పలు.

ఇక మీ లెక్క. 18 లక్షల మీద 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 36,900 వస్తోంది కదా, అది ఆగిపోతుంది. రెండేళ్లు నిండలేదు కాబట్టి అసల్లో ఒకటిన్నర శాతం, అంటే 27 వేలు కోస్తారు. 7 లక్షలకి వడ్డీయే నెలకి 14 వేలు. వచ్చేది పోయి కట్టేది మొదలయ్యి, నెలకి 26 వేల తేడా, అదీ రిటైరయ్యాక.

అబ్బాయిని ఉద్యోగం మానేసి చదువుకోమన్నారట ఏజెంట్, అది విని నాకు నిజంగా కోపమొచ్చింది. ఫ్లోరిడా రూలే దరఖాస్తుకి ముందు నాలుగేళ్లూ ప్రాక్టీస్‌లో ఉండాలంటోంది, ఏడాది ఇంట్లో కూర్చుంటే 14 లక్షల జీతమూ పోతుంది, అర్హతా పోతుంది. డ్యూటీ చేస్తూనే స్టెప్ 1, స్టెప్ 2 రాయమనండి, ఫీజులు తన జీతంలోంచే కట్టుకోనివ్వండి, పాసైతే ఆసుపత్రులకి తనే మెయిల్స్ పెట్టుకుంటాడు. ఆఫర్ లెటర్ వచ్చి, వీసా ఖర్చు ఎవరిదో అందులో రాసుంటే అప్పుడు మీ డబ్బు గురించి మాట్లాడదాం. స్కీమ్ జోలికి మాత్రం అప్పుడు కూడా వెళ్లొద్దు, అబ్బాయి పేరు మీద బ్యాంకు లోన్ చూద్దాం.

టోకెన్ అడ్వాన్స్ 50 వేలు ఇచ్చానని చివర్లో ఓ ముక్క రాశారు, రసీదు ఇచ్చారా? ఉంటే ఫొటో తీసి పంపండి, ఫోన్‌లో కాకుండా వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడుగుదాం.