పుండ్ల మాత్రతో కాన్పు, ఇన్సూరెన్స్ డబ్బులు కడుతుందా?

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది, అల్లుడి కంపెనీ ఇన్సూరెన్స్. నెలలు నిండాయి, 39 వారాలు దాటాక సైటోటెక్ పెట్టి నొప్పులు తెప్పిస్తామని డాక్టరమ్మ చెప్పిందంట. మా మరిది కొడుక్కి మెడికల్ షాపుంది, వాడేమో అది కడుపులో పుండ్లకిచ్చే మాత్ర పెద్దమ్మా, కాన్పుకి అమెరికాలో పర్మిషనే లేదు, ఇన్సూరెన్సోళ్ళు కట్టరు అన్నాడు. అప్పట్నుంచి నిద్ర లేదు. వేరే మందు అడగమని చెప్పమంటారా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీవాడు చెప్పింది సగం నిజం. సైటోటెక్ అంటే మిసోప్రోస్టాల్, 1988లో అక్కడ మందులకి పర్మిషన్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి పర్మిషన్ ఇచ్చింది నొప్పి మాత్రల వల్ల కడుపులో పుండ్లు పడకుండా ఉండటానికే, కాన్పుకి ఇవ్వలేదు, ఇలా వాడటాన్నే ఆఫ్ లేబుల్ అంటారు. అయితే డాక్టర్లు అలా వాడటం తప్పు కాదు, అక్కడి గైనకాలజిస్టుల సంఘం ఏకాగ్ కూడా ఒప్పుకుంటుంది, మోతాదు 25 మైక్రోగ్రాములు, అక్కడ దొరికే వాటిలో చిన్న మాత్రే 100 మైక్రోగ్రాములు కాబట్టి నాలుగు ముక్కలు చేసి ఇస్తారు.

ఇక డబ్బు సంగతి. అడ్మిట్ అయ్యాక పెట్టే మాత్రకి చాలా ప్లాన్లు విడిగా లెక్క చూడవు, కాన్పు మొత్తానికి కలిపి కట్టేస్తాయి. ఆఫ్ లేబుల్ గొడవ ఎక్కువగా బయట ఫార్మసీలో ప్రిస్క్రిప్షన్ మీద కొనే మందులకే వస్తుంది. పైగా ఇది చాలా చవక, కాన్పుకి పర్మిషన్ ఉన్న సర్విడిల్ అనే మందు అయితే ఒక్కటే వందల డాలర్లు. బిల్లు భయంతో మాత్రం మందు మార్చమని అడగొద్దమ్మా, దయచేసి.

ఇన్సూరెన్సోళ్ళు అసలు పట్టుకునేది వేరే, కారణం లేకుండా 39 వారాల లోపే కాన్పు చేస్తే. డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం వాళ్ళకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్, 2011 నుంచే అలాంటి వాటికి డబ్బులు ఆపేసింది. మీ అమ్మాయికి ఆ ఇబ్బంది లేదు, అయినా ఎందుకు నొప్పులు తెప్పిస్తున్నారో ఫైల్లో రాయమనండి, కార్డు వెనకాల నంబర్‌కి ఫోన్ చేసి ముందే అప్రూవల్ కావాలా, డిడక్టబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టకముందు మన జేబులోంచి పెట్టాల్సిన మొత్తం, ఇంకా ఎంత మిగిలిందో అల్లుడిగారిని కనుక్కోమనండి. ఒకవేళ క్లెయిమ్ కొట్టేస్తే 180 రోజుల్లో అప్పీల్ చేయొచ్చు, వైద్యపరంగా అవసరం లేదంటూ అదీ కాదన్నారనుకోండి, నాలుగు నెలల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీతో సంబంధం లేని బయటివాళ్ళతో రివ్యూ అడిగే హక్కుంది.

మీరు రాయని విషయం ఒకటుంది, ఇది మొదటి కాన్పేనా? ఇంతకుముందు సిజేరియన్ అయ్యుంటే నెలలు నిండాక ఈ మందు పెట్టరు, గర్భసంచి చిరిగే ప్రమాదం ఉంది. ఆ ఆపరేషన్ ఇండియాలో జరిగుంటే కాగితాలు అక్కడి డాక్టర్ దగ్గర ఉండకపోవచ్చు, ఇవ్వాళే ఫోన్ చేసి చెప్పమనండి.