ట్రిమ్ కన్నా ముందు మధ్యస్థానం

చిరంజీవి మేనల్లుడికి,

నీ రేడియో కంట్రోల్ బొమ్మ విమానానికి ట్రాన్స్‌మిటర్ సొంతంగా కట్టుకుంటున్నావని, జాయ్‌స్టిక్ కదిపితే సర్వో (రెక్కల పలకలను కదిపే చిన్న మోటారు) కదులుతోందని నీ ఉత్తరంలో చదివి చాలా సంతోషించాను. ఇక ట్రిమ్, అంటే స్టిక్ వదిలేసినా విమానం తిన్నగా పోయేలా చేసే చిన్న సర్దుబాటు, ఒక్కటే మిగిలిందన్నావు. అక్కడే కాస్త నిదానించు.

స్టిక్ మధ్యస్థానం వేరు, ట్రిమ్ వేరు. పది బిట్ల కొలతలో, అంటే 0 నుంచి 1023 దాకా, వదిలేసిన స్టిక్ 512 చూపాలి. నిజానికి ఒకటి 498 చూపుతుంది, మరొకటి 530. అది స్టిక్ లోపం, దాన్ని క్యాలిబ్రేషన్‌లోనే, అంటే స్టిక్ అసలు మధ్యను కొలిచి గుర్తుపెట్టుకునే దశలోనే, సరిచేయి. విమానం ఒక పక్కకు ఒరిగితే అది విమానం లోపం, ట్రిమ్ ఉన్నది దానికే. రెండింటినీ ఒకే అంకెలో కలిపితే తర్వాత విడదీయలేవు.

తొలి రోజుల్లో నేను స్విచ్ వేయగానే కనిపించిన విలువనే మధ్యగా తీసుకునేలా ప్రోగ్రాం రాశాను. ఒక సాయంత్రం బొటనవేలు స్టిక్‌ను కాస్త కుడికి నొక్కి ఉండగా స్విచ్ వేశాను. చేతిలోంచి వదిలిన విమానం వెంటనే ఎడమకు దొర్లింది. ట్రిమ్ మీటను వెతికేలోపే రెక్క నేలకు కొట్టుకుని విరిగింది. అందుకే క్యాలిబ్రేషన్‌ను విడిగా, నువ్వు కోరినప్పుడు మాత్రమే జరిగేలా పెట్టు.

సర్వోకు మధ్య అంటే 1500 మైక్రోసెకన్ల నిడివి గల సంకేతం. ట్రిమ్ మీట ఒక్కో నొక్కుకు 4 మైక్రోసెకన్లు జరిపితే చాలు. ట్రిమ్ కలిపిన తర్వాతే మొత్తాన్ని 1000, 2000 హద్దుల్లో బిగించు. ట్రిమ్ సున్నా దగ్గరకు రాగానే వేరే శబ్దం వినిపించాలి. ఎగురుతున్నంతసేపూ నీ కళ్లు విమానం మీదే ఉంటాయి కదా! విద్యుత్ మోటారైతే థ్రాటిల్‌కు (మోటారు వేగాన్ని మార్చే స్టిక్‌కు) ట్రిమ్ అసలు వద్దు.

ట్రిమ్ విలువలను ఈఈప్రామ్‌లో (కరెంటు తీసినా చెరగని జ్ఞాపకంలో) దాచు, కానీ మారినప్పుడే రాయి. ఆర్డ్యునో యూనో అనే చిన్న కంప్యూటర్ బోర్డులో ఆ జ్ఞాపకపు ఒక్కో గడికి హామీ సుమారు 1,00,000 రాతలే. సెకనుకు 50 సార్లు రాస్తే అరగంట దాటగానే ఆ లెక్క అయిపోతుంది.

గాలి లేని పూట, మామూలు వేగంలో, ముందు ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక), ఆపైన ఐలెరాన్ (పక్కలకు ఒరిగించే రెక్క పలక) సరిచేసుకో. ట్రిమ్ చాలా దూరం పోయిందంటే విమానాన్ని కిందికి దించి, సర్వోను ఆ పలకకు కలిపే పుష్‌రాడ్ అనే కడ్డీ పొడవు సర్ది, ట్రిమ్‌ను మళ్లీ సున్నాకు తీసుకురా. గురుత్వ కేంద్రం తప్పితే మాత్రం ఏ ట్రిమ్మూ కాపాడదు, దాన్ని ముందే చూసుకో.

బల్ల మీద పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్ తీసేసి ఉంచు. ఈ ఒక్క మాట మాత్రం మరిచిపోకు నాన్నా.

ఆశీస్సులతో,
మీ మామయ్య