డాక్టర్ చీటీలో ‘చెట్ల మధ్య రెండు గంటలు’

ప్రశ్న: నా వయసు 44. అకౌంట్స్ పని, రోజంతా కంప్యూటర్ ముందే. ఆరు నెలలుగా నిద్ర సరిగ్గా పట్టడం లేదు. మెడ పట్టేసినట్టు ఉంటోంది, చిన్న విషయానికీ టెన్షన్. బీపీ మాత్ర వాడుతున్నాను. డాక్టర్ గారు పరీక్షలన్నీ చేయించి బాగానే ఉన్నాయన్నారు. మాత్ర కొనసాగించమని, దాని కింద ‘వారానికి రెండు గంటలు చెట్ల మధ్య, ఒక్కోసారి కనీసం 20 నిమిషాలు, ఫోన్ చూడకుండా’ అని రాసిచ్చారు. నా బాధ ఆయనకు అంత తేలిగ్గా కనిపించిందా? ఇదీ ఒక వైద్యమేనా? మోకాలి నొప్పి వల్ల ఎక్కువ దూరం నడవలేను కూడా.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆయన మీ బాధను తేలిగ్గా తీసుకోలేదు. ముందు పరీక్షలు చేయించారు, మాత్ర ఆపలేదు, ఆ తర్వాతే ఇది రాశారు. అదీ ఎంతసేపు, ఎన్నిసార్లు అని లెక్కగా రాశారు. ఇరవై ఆరేళ్లుగా ప్రాక్టీసులో ఉన్నాను. చాలాకాలం నేనూ ‘కాస్త బయట తిరగండమ్మా’ అని నోటిమాటగా చెప్పి పంపేవాణ్ని. ఆ మాట గుమ్మం దాటేలోపే మర్చిపోయేవారు. చీటీ మీద రాసివ్వడం మొదలుపెట్టాకే చేసి వచ్చేవాళ్లు పెరిగారు.

ఇలా రాసిచ్చే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. స్కాట్లాండ్‌లోని షెట్లాండ్ దీవుల్లో 2018లో పది క్లినిక్‌లలోని డాక్టర్లూ దీన్ని మొదలుపెట్టారు. ఏ నెలలో ఏం చూడొచ్చో, ఎటు నడవొచ్చో రాసిన కాగితాలు కూడా రోగుల చేతికిచ్చారు. కెనడాలో 2020లో మొదలైన కార్యక్రమంలో సరిగ్గా మీ చీటీలో ఉన్న మోతాదే చెబుతారు: వారానికి రెండు గంటలు, ఒక్కోసారి కనీసం 20 నిమిషాలు.

ఆ రెండు గంటల లెక్కకు ఆధారం లేకపోలేదు. ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మందిని అడిగి చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. వారానికి 120 నిమిషాలకు తగ్గకుండా ప్రకృతిలో గడిపినవాళ్లు, అసలు గడపనివాళ్ల కంటే తమ ఆరోగ్యం, మనసు బాగున్నాయని ఎక్కువగా చెప్పారు. ఆ సమయాన్ని ఒకేసారి గడిపినా, విడతలుగా గడిపినా తేడా రాలేదు. అయితే ఒక మాట. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువగా బయటికి వెళ్లి ఉండొచ్చు కదా? అందుకే దీన్ని సాయం చేసే అలవాటుగా చూడండి, బీపీ మాత్రకు బదులుగా మాత్రం చూడకండి.

మీ మోకాలి సంగతి. నడవాలని ఆయన రాయలేదు, కూర్చోండి చాలు. ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ల రికార్డులు పోల్చి, అమెరికా పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లో ఒక పరిశోధన ప్రచురించారు. 23 మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, 23 మందికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు దాదాపు ఒక రోజు ముందే ఇంటికి వెళ్లారు, ఘాటైన నొప్పి మందులూ తక్కువే వాడారు. చిన్న పరిశోధనే, కానీ మంచం దిగలేనివాళ్లకు కూడా కంటికి ఎదురుగా ఏముందన్నది ముఖ్యమేనని నాకు నమ్మకం కలిగించింది అదే.

నా దగ్గరికి వచ్చే ఒక రిటైర్డ్ టీచర్ గారికి, భర్త పోయాక నిద్ర కరువైతే, ఇదే రాసిచ్చాను. మూడు వారాలకు వచ్చి చెప్పారు: “మొదటి రెండు రోజులూ గడియారం చూస్తూనే కూర్చున్నానండీ. మూడో రోజు బెరడు మీద చీమల బారు కనబడింది. పైకెళ్లేవి, దిగేవి ఎదురుపడగానే ఒక్క క్షణం ఆగి మీసాలు ఆనించుకుని పోతున్నాయి. ఒక చీమ తనకంటే పెద్ద రెక్కను మోసుకుంటూ పగులు దగ్గర మూడుసార్లు జారి, నాలుగోసారి దాటింది. చూసేసరికి నలభై నిమిషాలైంది.” ఆవిడకు నిద్ర వెంటనే కుదుటపడలేదు. రెండో నెలకి మధ్యరాత్రి మెలకువ తగ్గింది. మందులూ వాడుతున్నారు కాబట్టి ఆ ఫలితమంతా చెట్టుదే అనను. కానీ ఆ నలభై నిమిషాలు ఆవిడ మనసు దేన్నీ తవ్వుకోలేదు.

మీ పనిలో అంకెల మీద దృష్టిని బలవంతంగా నిలపాలి, అలసిపోయేది అదే. ఆకులు ఊగుతుంటే, చీమలు పాకుతుంటే ప్రయత్నం లేకుండానే చూపు అటు పోతుంది, ఆ కాసేపూ మెదడుకు విశ్రాంతి. వీలైతే పొద్దున్నే వెళ్లండి. ఉదయపు వెలుగు ఒంట్లోని నిద్ర గడియారాన్ని సరిచేస్తుంది. పెద్ద అడవి అక్కర్లేదు, నాలుగు చెట్లున్న పార్కు, నీడలో ఓ బెంచీ ఉంటే సరిపోతుంది. ఉబ్బసం, పుప్పొడి పడకపోవడం ఉంటే డాక్టర్‌కి చెప్పాకే వెళ్లండి.

ఏడుపు ఆగకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, బతకాలని లేదనిపించినా చెట్టు కోసం ఆగకండి. ఇంట్లో ఒకరికి చెప్పి, వెంటనే డాక్టర్‌ని కలవండి.

వచ్చే చెకప్‌కి ఆ చీటీ తీసుకెళ్లండమ్మా. ఏ రోజు ఎంతసేపు కూర్చున్నారో, ఆ రాత్రి ఎన్నిసార్లు లేచారో దాని వెనకవైపు రాసి చూపించండి.