పాటలో ఆట ఎవరికి వినిపిస్తుంది?

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మకు డెబ్బై రెండేళ్లు. బడి ముఖం చూడలేదు. ఇంగ్లీషు మీడియంలో రెండో తరగతి చదివే మా అబ్బాయి, "పాటలో మొదటి శబ్దం తీసేస్తే ఏం మిగులుతుంది?" అని అడిగాడు. నేను "ట" అన్నాను. వాడు కాదు, "ఆట" అన్నాడు. అమ్మేమో "పాటలో పాట కాక ఇంకేముంటుంది?" అంది. ఆమెకు చెవి మందగించిందంటారా?
– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, ఈ ఒక్క మాటకు ఆమె చెవిని అనుమానించకండి. ముగ్గురూ విన్నది ఒకే మాట. దాన్ని ఎక్కడ విరవాలో నేర్పింది లిపి. తెలుగులో "పా" ఒకే అక్షరం కాబట్టి మీకది ఒకే ముక్క. ఇంగ్లీషులో హల్లు వేరు, అచ్చు వేరు. అందుకే మీవాడు "ప్"ను విడదీయగలిగాడు.

1979లో మనస్తత్వ శాస్త్రవేత్త జోజే మొరైస్ బృందం పోర్చుగల్‌లో చదువురాని పెద్దలకు, పెద్దయ్యాక చదువు నేర్చినవారికి ఇదే పరీక్ష పెట్టింది. అర్థం లేని మాటలకు మొదట్లో ఒక ధ్వని చేర్చడం, తీసేయడం. చదువురానివారు నూటికి 19 సరిగ్గా చెబితే, నేర్చినవారు 72 చెప్పారు. 1986లో చైనా పరిశోధన మరో మెలిక చూపింది. ధ్వనులను విడివిడిగా చూపని చైనా లిపి మాత్రమే వచ్చినవారు ఇలాంటి పరీక్షలో తడబడ్డారు. చైనా మాటలను రోమన్ అక్షరాల్లో రాసే పిన్‌యిన్ కూడా వచ్చినవారు సులువుగా చేశారు.

గుంటూరులో నేను రాత్రి బడి నడిపిన రోజుల్లో మిర్చికి తొడిమలు తీసే ఆడవాళ్లు వచ్చేవారు. కూలి లెక్కలు, ఊళ్లో ఎవరి గొంతు ఎవరిదో పొల్లుపోకుండా చెప్పేవారు. మాటకు తొడిమ తీయమంటే మాత్రం తెల్లబోయేవారు. అది తెలివితక్కువతనమని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

చెవుడు మనకూ ఉంది. "చలి", "చిలుక" అని నెమ్మదిగా పలికి చూడండి. మొదటిదాంట్లో నాలుక పళ్ల దగ్గర తగులుతుంది, రెండోదాంట్లో వెనక్కి జరుగుతుంది. పాత నిఘంటువులు మొదటిదాన్ని "ౘ" అని వేరుగా అచ్చువేసేవి. ఇప్పుడు రెంటికీ ఒకే "చ" రాస్తున్నాం కాబట్టి, తేడా పలుకుతూనే ఉన్నా వినడం మానేశాం.

అమ్మగారికి అక్షరాలు నేర్చుకోవాలని ఉందేమో అడగండి. ఉంటే ఆమె పేరుతోనే మొదలుపెట్టించండి. మనవడిని పక్కన కూర్చోబెట్టండి, పరీక్ష మాత్రం పెట్టనివ్వకండి.